ఖాళీ క్యాసెట్టు

ఆదివారం పొద్దున్న గల్ఫు దేశంలో, తుబ్లీలోని వర్క్‌షాపు స్టోరులో భీమేశ్వరరావు బోల్టుల పెట్టెలు సర్దిస్తుండగా జమున ఫోన్ చేసింది.

"అంకుల్, ఆడింది! మీ ఆట ఆడింది! ముప్పై ఎనిమిదేండ్ల కింది క్యాసెట్టు, ఒక్క ముక్క చెడలే!"

భీమేశ్వరరావు చేతిలో పెట్టె కింద పెట్టేసి, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, స్టోర్ కీపరు, మీసాలకి రంగు వేసుకునే పెద్దమనిషి, ఏదో ఆట ఆడిందని ఏడవడం ఏమిటని మీరు నవ్వచ్చు. నవ్వండి. ఆయన జీవితంలో సొంతంగా తయారుచేసిన వస్తువు అదొక్కటే మరి.

ఆటంటే ఇప్పటి పిల్లలు ఫోనుల్లో ఆడేలాంటిది కాదు. బొమ్మల్లేవు, తుపాకుల్లేవు. టీవీ తెర మీద నాలుగు వాక్యాలు కనిపిస్తాయి: నువ్వు మడ అడవి అంచున ఉన్నావు, తూర్పున దీపస్తంభం ఉంది, కాళ్ళ దగ్గర తాడు పడి ఉంది. ఏం చేస్తావో నువ్వే రెండు మాటల్లో టైపు చెయ్యాలి. తాడు తీసుకో. తూర్పుకు వెళ్ళు. సరైన మాట కొడితే కథ నడుస్తుంది. కొట్టకపోతే 'నాకు తెలీదు' అని మొండికేసి కూర్చుంటుంది. అమెరికాలో గుహల్లో తిరిగే సరదా ఉన్న ఒకాయన తన ఆడపిల్లల కోసం మొదట ఇలాంటి ఆట రాశాడని ఏదో పాత పత్రికలో చదివి, ఆయన గుహ రాస్తే నేను కోరంగి రేవు రాయలేనా అనుకున్నాడు ఇరవై మూడేళ్ళ భీమేశ్వరరావు. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ గారి కొడుకు చదువుకి వెళ్తూ వదిలేసిన చిన్న కంప్యూటరు గదికి తెచ్చుకుని, స్టోరు సరుకులు రాసే ఇండెంటు కాగితాల వెనక నలభై రెండు చోట్ల పటం గీసి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఎనిమిది నెలలు కూర్చుని రాశాడు. అప్పట్లో అలాంటి కంప్యూటర్లకి పాటల క్యాసెట్టే గతి. రాసిందంతా టేపు రికార్డరులో క్యాసెట్టుకి ఎక్కించాలి. దాన్ని మామూలుగా వింటే చెవులు పగిలే కీచు శబ్దం తప్ప ఏమీ ఉండదు.

జమున నిజామాబాద్ వైపు నుంచి బిల్డింగు పనులకి వచ్చిన గంగన్న కూతురు. ఇక్కడే పుట్టి, ఇక్కడే కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. పాత కంప్యూటర్లు పోగెయ్యడం ఆ పిల్లకి పిచ్చి. శుక్రవారం రిఫాలో తెలుగువాళ్ళ హాల్లో వాటన్నిటినీ పెట్టి, భీమేశ్వరరావుకి శాలువా కప్పి, ఆయన ఆట అందరి చేతా ఆడిస్తానని బతిమాలి క్యాసెట్టు పట్టుకెళ్ళింది.

"ఇంకొకటి అంకుల్. ఆట ఆరు నిమిషాలల్ల అయిపోయింది. నేను బంద్ చెయ్యకుండ టేపు మొత్తం ఎక్కించిన. ఆ కీచు సప్పుడు ఆగినంక ఎవరో మొగాయన మాట్లాడుతుండు, మీ దిక్కు భాషల. నిమిషమున్నర ఉంటది. ఎవరు అంకుల్?"

ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాడు భీమేశ్వరరావు.

"తెలీదమ్మా. పాత క్యాసెట్టు కదా, ఎవరిదో ఏమిటో."

ఎంత తడుముకోకుండా వచ్చిందో చూడండి ఆ అబద్ధం! అలవాటైన నోరు మరి.

"మీకు పంపిన, వినుండ్రి. మస్తుగున్నది. శుక్రారం ఆట అయినంక అది గూడ అందరికి వినిపిద్దమనుకుంటున్న."

రాకుల వెనక్కి వెళ్ళి, ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. కీచు శబ్దం తెగిన చోట ఒక మగ గొంతు వాక్యం మధ్యలోంచి మొదలైంది.

"...అందుకే నరసా, ఇంకో రెండేళ్ళు అనకు. వచ్చెయ్. పడవ దింపేశాం, ఇంకో పడవ మాట్లాడేరు, నాకిక్కడ చేతి నిండా పనుంది. నీ సంపాదన కాదే, నువ్వు కావాలి. ఇది ముట్టిందని ఎవరి చేతైనా కబురెట్టు. కబురు రాలేదనుకో, నీకు రావాలని లేదని అనుకుంటాను. మళ్ళీ అడగను. అడిగి అడిగి ఇసిగించే మొగుణ్ణి కాదు నేను, నీకు తెలుసుగా. ఆరోగ్యం జాగర్త. ఉంటాను మరి."

ఆ తర్వాత ఎక్కడో కాకి అరిచింది. ఎవరో బొత్తాం నొక్కిన చప్పుడు. అంతే.

భీమేశ్వరరావు బోల్టుల పెట్టె మీద కూలబడ్డాడు. చెమటలు పట్టేశాయి. స్టోరులో ఏసీ మాత్రం బాగానే పనిచేస్తోంది.

ఇక్కడ నరసాయమ్మ గురించి చెప్పాలి. తాళ్ళరేవు మనిషి. అప్పట్లో రిఫాలో ఒక ఇంట్లో పనికి ఉండేది. ఇప్పుడు అరవై నాలుగేళ్ళొచ్చినా నాలుగిళ్ళలో వంట చేస్తూనే ఉంది. చదువు రాదు. అప్పుడు చదువు రానివాళ్ళంతా క్యాసెట్టులో మాట్లాడి, ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. జవాబూ క్యాసెట్టులోనే వచ్చేది. నరసాయమ్మ మొగుడు సాయిబాబు తాళ్ళరేవులో పడవలు కట్టేవాడు. వీసా ఇంకో రెండేళ్ళు పొడిగించుకోనా, వచ్చెయ్యనా అని మొగుణ్ణి అడుగుతూ ఆవిడ క్యాసెట్టు పంపింది. మాటలు పట్టింది భీమేశ్వరరావు టేపు రికార్డరులోనే. జవాబు రావాల్సింది కూడా అతని గదికే, ఎందుకంటే తను పనిచేసే ఇంటికి అలాంటివి వస్తే యజమానురాలికి గిట్టదు.

జవాబు ఒక బుధవారం వచ్చింది. సెలవు దొరికి ఆవిడ తుబ్లీ వచ్చేది శుక్రవారం.

ఆ బుధవారం సాయంత్రమే ఆట పూర్తయింది. ఆ సాయంత్రమే కఫీల్ గారి కొడుకు సెలవులకి వస్తున్నాడు, కంప్యూటరు ఇచ్చెయ్యమంటూ డ్రైవరు పికప్ వేసుకుని వచ్చేశాడు. కంగారులో ఆటను ఎక్కించబోతే, అన్నాళ్ళ పనీ ఉన్న క్యాసెట్టుని రికార్డరు నమిలేసింది. టేపు సేమ్యాలా బయటికి చుట్టుకొచ్చింది. కంప్యూటరు ఆపితే ఎనిమిది నెలల చాకిరీ గాలిలో కలుస్తుంది. బయట డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యకుండా "యల్లా భాయ్, యల్లా" అని తొందరపెడుతూ ఒకటే అరుపులు. బల్ల మీద నరసాయమ్మ క్యాసెట్టు ఉంది. జాబులు ఒకవైపే ఉంటాయి, రెండో వైపు ఖాళీయే కదా అనుకున్నాడు. తిప్పి పెట్టాడు. ఎటు నుంచి ఎటు తిప్పాడో చూసుకోలేదు. ఎర్ర బొత్తాం నొక్కాడు.

శుక్రవారం పొద్దున్న వేసి చూస్తే సాయిబాబు ఉండాల్సిన చోట కీచు శబ్దం. రెండో వైపు వేస్తే ఏమీ లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కీచు శబ్దాన్ని ఇంకో ఆరు నిమిషాలు ఓపిక పట్టి విని ఉంటే ఆ గొంతు అప్పుడే దొరికేది. వినలేదు, భయపడి ఆపేశాడు.

సరే, అక్కడికి అది పొరపాటు. ఆ పూటే వెళ్ళి, అక్కా, నీ జాబు చెడగొట్టేశాను అంటే నరసాయమ్మ వెధవా, సన్నాసీ అని నాలుగు తిట్టేది, మళ్ళీ క్యాసెట్టు పంపేది, ఆ సాయిబాబు మళ్ళీ మాట్లాడేవాడు. కానీ చెబితే క్యాసెట్టు ఇమ్మంటుంది. ఇస్తే ఆట పోతుంది. ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? మనామా వెళ్ళి అదే రకం కొత్త క్యాసెట్టు కొన్నాడు. పైకాగితం చింపాడు. కొత్తదని తెలియకుండా గోడకి రెండుసార్లు రుద్దాడు. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ రెండు వైపులా చివరిదాకా వింది. గంట సేపు. ఒక్క మాటైనా ఉంటుందేమోనని మధ్యలో కదల్లేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. అతను ఎదురుగానే కూర్చున్నాడు. అయిపోయాక ఆవిడ, "సర్లే తమ్ముడూ, తెలిసింది" అని లేచి వెళ్ళిపోయింది. వీసా పొడిగించుకుంది. రెండేళ్ళ తర్వాత ఊరెళ్తే ఇంటికి తాళం. సాయిబాబు గుజరాత్‌లో పడవలు కట్టే పనికి పోయాడని, అక్కడ ఇంకో మనిషితో ఉంటున్నాడని చెప్పారు. పదిహేనేళ్ళ క్రితం అక్కడే పోయాడు. మొగుడూ పెళ్ళాలు మళ్ళీ మొహాలు చూసుకోలేదు.

నరసాయమ్మ ఏడ్చుకుంటూ కూర్చునే రకం కాదు. దాన్ని కూడా నవ్వులాటగా మార్చేసింది. ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు చేరినా, "మా ఆయన నాకు ఖాళీ క్యాసెట్టు అంపిన మారాజమ్మా! పెళ్ళాంతో మాటాడ్డానికి మాటల్లేక గాలి పట్టి అంపేడు" అనేది. అందరూ పడీ పడీ నవ్వేవారు. భీమేశ్వరరావు కూడా నవ్వేవాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని కొంచెం గట్టిగానే నవ్వేవాడు.

పోనీ ఆవిడేమైనా పరాయిదా అంటే అదీ కాదు. తమ్ముడూ తమ్ముడూ అంటూ ఇంట్లో మనిషైపోయింది. అతని భార్య పద్మజకి ఆపరేషనైతే మూడు నెలలు మంచం పక్కనే ఉండి చేసింది. ఇప్పటికీ ప్రతి మంగళవారం వచ్చి వంట చేసి పెడుతుంది. అలాంటి మనిషి ముందు ఆ క్యాసెట్టు బయటపెట్టడానికి చేతులెలా వచ్చాయంటే, శాలువా! ఆరు నిమిషాల కీచు శబ్దంలో ఎవరికేం తెలుస్తుందిలే అనుకున్నాడు. పేరు మీద యావ అలాంటిది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే జమునకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ గొంతు ఉంది చూడు, అది తీసెయ్. ఎవరి సొంత గొడవో. అసలు నీ దగ్గర కూడా ఉంచకు."

"డిలీట్ చెయ్యాల్నా అంకుల్?" అని జమున ఒకటికి రెండుసార్లు అడిగింది. "సరే."

ఫోన్ పెట్టేశాక గండం గడిచిందనుకున్నాడు, మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. అప్పుడు చూసుకోక చెరిపాడు, ఇప్పుడు చూసుకుని చెరిపించాడు. తన ఫోనులో ఉన్నది మాత్రం చెరపడానికి చెయ్యి రాలేదు.

మంగళవారం నరసాయమ్మ వచ్చి చేపల పులుసు పెట్టింది. "శుక్రారం నేనూ వస్తాను తమ్ముడూ, కొత్త చీర కట్టుకుని ముందు కుర్చీలో కూచుంటాను. మా తమ్ముడికి శాలువా అంటే మాటలా!" అంటూ కొసరి కొసరి వడ్డించింది. అక్కా, అని రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ ఉప్పు సరిపోయిందని చెప్పి ఊరుకున్నాడు.

శుక్రవారం హాలు నిండిపోయింది. జమున మైకు పుచ్చుకుని, గుహల్లో తిరిగినాయన గురించి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆటలకి మొదటిసారి బొమ్మలు పెట్టిన ఒక మొగుడూ పెళ్ళాల గురించి చెప్పి, "గదే కాలంల మన తుబ్లీల, ఒక గదిల, మన అంకుల్!" అంది. చప్పట్లు. శాలువా మెడ మీద పడింది. ముందు వరసలో కుంకుమరంగు చీర కట్టుకున్న నరసాయమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. భీమేశ్వరరావుకి తల ఎత్తబుద్ధి కాలేదు. అందరూ ఎంత వినయమో అనుకున్నారు.

ఆట మొదలైంది. తెర మీద మాటలు జమున పైకి చదువుతుంటే జనం తలో మాటా అందించారు. దీపస్తంభం దాటి రేవులోకి వచ్చేసరికి ఆగిపోయింది. పడవ ఉంది, ఎక్కితే మునిగిపోతోంది. తాడుతో కట్టమన్నారు, మట్టితో పూడ్చమన్నారు. 'నాకు తెలీదు, నాకు తెలీదు' అంటుందది.

"పత్తి కూరండర్రా!" అని నరసాయమ్మ కూర్చున్నచోటి నుంచే అరిచింది. "చెక్కల సందుల్లో పత్తి కూరి పైన గుగ్గిలం రాయాలి. మట్టి రాస్తారా ఎవరైనా పడవకి?"

జమున కొట్టింది. పడవ కదిలింది. హాలంతా గోల. జమున నవ్వుతూ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి మైకిచ్చింది. "అమ్మా, మీకెట్ల తెలుసు?"

"తెలీకేం? మా ఆయన పనే అది. ఈ తమ్ముడికి ఆ రోజుల్లో నేనే చెప్పేను." మైకు దొరికితే ఆవిడ ఊరుకుంటుందా! "ఆ మారాజు పడవకైతే సందు లేకుండా కూరేవాడు గానీ, నాకు మాత్రం ఖాళీ క్యాసెట్టు అంపేడు. నేను రానా వద్దా అని అడిగితే రెండు పక్కలా గాలి పట్టి అంపేడమ్మా! ఈ తమ్ముడి గదిలోనే గంట సేపు ఇన్నాను, అడగండి కావాలంటే!"

జనం విరగబడి నవ్వారు. జమున కూడా సగం నవ్వింది. అక్కడ ఆగిపోయింది.

"అమ్మా, మీ పేరు?"

"నరసాయమ్మ. మా ఆయన నరసా అనేవాడు."

జమున తిరిగి భీమేశ్వరరావు మొహంలోకి చూసింది. ఎక్కువసేపు కాదు. ఆ కాసేపట్లో నేల విచ్చి తనని మింగేస్తే బాగుండునని అతను మనసారా కోరుకున్నాడు.

భోజనాల దగ్గర జమున పక్కకి వచ్చి నిలబడింది. "నేను డిలీట్ చెయ్యలే అంకుల్. మనసొప్పలే." గొంతు తగ్గించింది. "మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్తానమ్మా."

పద్మజ ఆడవాళ్ళతో హాల్లో ఉండిపోతే, నరసాయమ్మని గది దగ్గర దింపడానికి అతనొక్కడే కారు తీశాడు. ఎదురెండ. శాలువా వెనక సీట్లో పడేశాడు. పట్టుబడ్డాక చెప్పే నిజానికి విలువేముంటుంది? ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా రెండో సిగ్నలు దాటాక, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా మొత్తం చెప్పేశాడు. సాయిబాబు ఖాళీ క్యాసెట్టు పంపలేదని, డ్రైవరు హారను, తిప్పి పెట్టిన వైపు, మనామాలో కొన్న క్యాసెట్టు, గోడకి రుద్దడం, అన్నీ. చెప్పి, కారు పక్కకి ఆపి, ఫోన్ తీసి వినిపించాడు.

ఆవిడ కళ్ళు మూసుకోలేదు, ఏడవలేదు. ఎదురుగా అద్దంలోకి చూస్తూ వింది. కాకి అరుపు దాకా వింది.

"ఈయన గొంతు ఇంత సన్నగా ఉండేదా?" అంది. "మర్చేపోయేను."

"అక్కా, నన్ను—"

"ఇది ఉందని నీకెప్పుడు తెలిసింది?"

"ఈ వారమే."

"ఈ వారం అంటే?"

"ఆదివారం."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "మంగళవారం నేనొచ్చి నీకు పులుసు వండేను."

దీన్ని చెరిపెయ్యమని జమునతో అన్నానని కూడా చెప్పాలి. అది మాత్రం చెప్పలేదు భీమేశ్వరరావు.

"నేనాయన్ని ముప్పై ఎనిమిదేళ్ళు ఆడిపోసుకున్నాను. కనిపించినోళ్ళందరి దగ్గరా నవ్వులపాలు చేసేను. ఇందాక కూడా. మైకులో." ఆవిడ ఇప్పుడు అతని వైపు తిరిగింది. "చెప్పినప్పుడల్లా నువ్వు పక్కనే ఉండి నవ్వేవాడివి. నేనంటే తెలీక నవ్వేను. నీకేం నవ్వొచ్చింది రా?"

స్టీరింగు పట్టుకుని తల వంచుకున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి. ఆవిడ ఓదార్చలేదు. ఇన్నేళ్ళలో అతనికి జ్వరమొచ్చినా కంగారుపడిపోయే మనిషి, ఏడుపు అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

"నా ఫోనులోకి ఎక్కించు," అంది తర్వాత.

ఎక్కించి ఇచ్చాడు. కారు మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఒద్దండి. నేను నడిచి ఎల్తాను."

"అక్కా, ఈ ఎండలో... గది ఇంకా చాలా దూరం కదా."

"ఎల్తానండి భీమేశ్వరరావు గారూ."

దిగి, తలుపు నెమ్మదిగా వేసి, కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రోడ్డు దాటింది. అవతల గోడ నీడలో నిలబడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ తీసి చూసింది, అటూ ఇటూ నొక్కింది. ఎలా వినాలో ఆవిడకి తెలీదు. భీమేశ్వరరావు కారు దిగబోయాడు. ఆవిడ అతని వైపు చూడనైనా చూడకుండా, సామాన్ల సంచితో వెళ్తున్న ఎవరో పరాయి దేశపు పనిమనిషిని ఆపి, ఫోన్ ఆ మనిషి చేతికిచ్చింది.